సీసాలోని తూర్పు తీరం

రాజులు కోటలు కట్టించిన తేదీలూ, ఓడలు కొత్త రేవులు కనుక్కున్న తేదీలూ పుస్తకాలకెక్కాయి. భూగోళం మాస్టారు ప్రతి ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు వంటింటి కిటికీ గట్టు మీద ఒక చిన్న సీసాను నిలబెట్టి, దాని వెనక తెల్లకాగితం ఆనించి, ఫోనుతో ఫొటో తీసే ఆచారం మాత్రం ఇంతవరకు ఏ చరిత్రకారుడి కంటా పడలేదు. ఇది అన్యాయమే. ఆ ఆచారం తొమ్మిదేళ్లపాటు ఒక్క వారమైనా తప్పలేదు. జ్వరంతో ఒళ్లు కాలిపోతున్న వారం కూడా మాస్టారు దుప్పటి కప్పుకుని వచ్చి ఫొటో తీశారు. చెయ్యి వణికి సీసాలు రెండు కనబడుతున్నాయని ఆయన భార్య అంటే, వణుకు తగ్గేదాకా కూర్చుని మళ్లీ తీశారు.

సీసాలు ముప్ఫై ఒకటి. అన్నీ ఒకప్పుడు దగ్గుమందు మోసినవే. ఆయన భార్య వృద్ధుల ఆశ్రమంలో నర్సు. మందు అయిపోయిన సీసాలను వేడినీళ్లలో కడిగి తెచ్చేది. ఒక్కో సీసాలో ఒక్కో ఊరి మట్టి. ఒక్కోదాని మీదా చిన్న చీటీ, దాని మీద ముత్యాల్లాంటి అక్షరాలు. ఆ అక్షరాలకు పద్నాలుగేళ్ల నల్లబల్ల అనుభవం ఉంది.

స్వదేశంలో ఆయన హైస్కూల్లో భూగోళం చెప్పేవారు. గ్లోబు తిప్పి కళ్లు మూసుకుని వేలు పెడితే, కళ్లు తెరవకుండానే అది ఏ సముద్రమో చెప్పేవారని పేరు. భార్యకు ఈ దేశంలో ఉద్యోగం రావడంతో ఆమె వెంట వచ్చారు. ఇక్కడి కార్యాలయంలో ఒకాయన ఆయన డిగ్రీ కాగితాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి చూసి, చాలా మర్యాదగా తిరిగి ఇచ్చేశాడు. ఆ మర్యాద తట్టుకోలేక మాస్టారు మళ్లీ ఆ మెట్లు ఎక్కలేదు. యాత్రికుల బస్సుల డిపోలో, కడిగే షెడ్లు నాలుగు ఉంటే నాలుగో షెడ్డులో చేరారు. డిపోలో ఆయన పేరు పలకడం ఎవరికీ రాలేదు. అందుకని నాలుగో నంబరు అన్నారు.

బస్సు కడగడమంటే నీళ్లు పోయడం అనుకునేవాళ్లు బస్సెక్కడానికి తప్ప దేనికీ పనికిరారు. ముందు అద్దం మీద ఎండిపోయిన పురుగుల మీద తడిగుడ్డ పరిచి పది నిమిషాలు నాననివ్వాలి. ఆ లోపల చక్రాల పైనుండే గుల్లల్లోకి గొట్టం పెట్టి కింది నుంచి పైకి కొట్టాలి. పై నుంచి కొడితే మట్టి ఇంకా లోపలికి పోయి దాక్కుంటుంది. తరువాత సబ్బునురుగు, పొడుగుకర్ర బ్రష్షు, మళ్లీ నీళ్లు, ఆఖర్న అద్దాలకు రబ్బరు పట్టీ. మాస్టారు మాత్రం గొట్టం విప్పే ముందు పాత చెంచాతో గుల్లలోంచి చిటికెడు మట్టి తీసి కాగితంలో పొట్లం కట్టుకునేవారు. బస్సు ఏ ఊరి నుంచి వచ్చిందో ముందద్దంలోని బోర్డు చెప్పేది. మిగిలినది మట్టి చెప్పేది. ఎరుపు అయితే ఉత్తరపు కొండలు. బూడిదరంగు జిగురు అయితే పెద్ద చెరువు. తెల్లటి పొడి అయితే తూర్పు తీరం. ఇలా తొమ్మిదేళ్లలో ఆయన దేశమంతా తెలుసుకున్నారు. దేశాన్ని చూడటానికి ఆయన వెళ్లలేదు. దేశమే వచ్చి ఎదురుగా నిలబడేది, ఆయన కడిగి పంపేసేవారు.

సముద్రం మూడు గంటల దూరమే. భార్య మొదటి ఏడాది అడిగింది, రెండో ఏడాదీ అడిగింది. "వారమంతా బస్సులతో చచ్చి, ఆదివారం కూడా బస్సెక్కమంటావా" అనేవారు. మూడో ఏడాది నుంచి ఆవిడ అడగడం మానేసి, గుర్తు చేయడం మొదలుపెట్టింది.

ఫొటో తీశాక మాస్టారు దాని కింద నాలుగు మాటలు రాసి పాత బడిలోని స్నేహితుడికి పంపేవారు. ఆ స్నేహితుడు లెక్కల మాస్టారు. ఇప్పుడు ఆ బడికి ఇన్‌ఛార్జి హెడ్మాస్టరు కూడా. ఒక ఆదివారం ఇలా వెళ్లింది: "ఈ వారం తూర్పు తీరం. నేల తెలుపు. వేళ్ల మధ్య రాస్తే పిండిలా ఉంటుంది. నిమ్మరసం చుక్క వేస్తే బుసబుసా పొంగింది. అంటే ఇది వేల ఏళ్లుగా అరిగిపోయిన గవ్వల పొడి. ఈ ఇసుక మీద నడవడమంటే పాతకాలపు సముద్రం మీద నడవడమే."

తాను వెళ్లానని ఆయన ఏ వాక్యంలోనూ రాయలేదు. వెళ్లలేదని కూడా రాయలేదు. ఉద్యోగం సంగతి అడిగితే రవాణా రంగం అని చెప్పారు. అందులోనూ అబద్ధం లేదు.

లెక్కల మాస్టారు ఆ వాక్యాలను సోమవారం అసెంబ్లీలో, మైకు ముందు, "దేశాలు చుట్టిన మన మాస్టారి ఉత్తరం" అంటూ చదివేవారు. పిల్లలు చప్పట్లు కొట్టేవారు. ఆ చప్పట్లను రికార్డు చేసి పంపేవారు. భూగోళం మాస్టారు డిపోలో టీ తాగే వేళ ఫోను చెవికి ఆనించుకుని వాటిని వినేవారు. ప్రపంచం మొత్తంలో ఆయన ఇంకా మాస్టారుగా మిగిలిన చోటు అదొక్కటే, వారానికి నాలుగు నిమిషాలు.

పోయిన ఏడాది అర్ధసంవత్సర పరీక్షలో ఒక మార్కు ప్రశ్న వచ్చింది, తూర్పు తీరపు ఇసుక ఏ రంగు అని. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె, "అక్కడ ఇసుక లేదు, నల్ల గులకరాళ్లు ఉన్నాయి" అని రాసింది. లెక్కల మాస్టారు సున్నా వేసి, ఈ వింత కూడా రాసి పంపారు. మన మాస్టారు జవాబిచ్చారు: "పాపం, ఏదో పుస్తకం చూసి ఉంటుంది. పుస్తకాన్ని కాదు, నేలను నమ్మమని చెప్పు." ఆ మాటను బడి వరండాలో రంగుసుద్దలతో రాసిపెట్టారట. దాని ఫొటో కూడా వచ్చింది.

తరువాత సెలవుల్లో లెక్కల మాస్టారే వచ్చారు, భార్యతో, పది రోజులకు.

విమానాశ్రయంలో కౌగిలింతలు అయ్యాక ఆయన మొదట చూసింది స్నేహితుడి బూట్లను.

"ఏం మాస్టారూ, దేశమంతా తొక్కేశావు, మడమలు అరగలేదే."

"ఆయన చాలా నెమ్మదిగా తొక్కుతారు, అన్నయ్యగారూ," అంది మాస్టారి భార్య, పెట్టె అందుకుంటూ.

ఇంట్లో ఉన్న రెండు గదుల్లో మంచిది అతిథులకిచ్చారు. ఆ గది తలుపు గాలికి టపటపా కొట్టుకుంటుంది. "వదినా, మీ తలుపుకి మా మీద కోపమొచ్చినట్టుంది," అని లెక్కల మాస్టారి భార్య మొదటి పూటే నవ్వుతూ చెప్పింది. గడియ బాగుచేయిద్దామని తొమ్మిదేళ్లుగా అనుకుంటున్నామని మాస్టారు అన్నారు. ఆ ఇంట్లో తొమ్మిదేళ్లుగా అనుకుంటున్నవి ఇంకా చాలానే ఉన్నాయి.

లెక్కల మాస్టారు పది రోజుల ప్రయాణాన్ని గళ్లు గీసి పట్టుకొచ్చారు. ఏ రోజు ఏ సీసా. తూర్పు తీరం తొమ్మిదో రోజు, కింద రెండు గీతలు.

మొదట ఉత్తరపు కొండలు. మాస్టారు రైల్లో తీసుకెళ్లారు. బస్సుల కంటే రైళ్లు మేలన్నారు, కారణం చెప్పలేదు. కొండ ఎక్కుతుంటే ఆయనకు ధైర్యం వచ్చింది.

"ఈ మలుపు దాటాక నేల ఎర్రగా మారుతుంది చూడు. అందులో అభ్రకం తళుక్కుమంటుంది."

మలుపు దాటారు. నేల ఎర్రగా మారింది. అభ్రకం తళుక్కుమంది. లెక్కల మాస్టారు గడియారం చూసి పుస్తకంలో రాసుకున్నారు. అప్పుడు ఆయన భార్య, ఇక్కడ బాత్రూమ్ ఎటువైపు అన్నయ్యగారూ, అని అడిగింది. రాళ్ల వయసు లక్షల ఏళ్లలో చెప్పగలిగిన మనిషి నాలుగు దిక్కులూ చూసి, ఐస్‌క్రీమ్ అమ్మే ఆవిడ దగ్గరికి వెళ్లి అడిగి వచ్చారు.

"పోయినసారి వచ్చినప్పుడు ఎక్కడ భోంచేశావు?" అన్నారు లెక్కల మాస్టారు.

"అది మూసేశారు."

పెద్ద చెరువు దగ్గర భోజనశాల కూడా మూసేశారు. పాత వంతెన దగ్గరిదీ మూసేశారు. ఆయన మాట ప్రకారం నాలుగో రోజుకల్లా ఆ దేశంలో తెరిచి ఉన్న భోజనశాల ఒక్కటీ మిగల్లేదు. ఎనిమిదో రోజు లెక్కల మాస్టారు ఏమీ అడగలేదు. అడగకపోవడం మాస్టారికి మరింత ఇబ్బందిగా ఉంది.

తొమ్మిదో రోజుకు మాస్టారి భార్య సెలవు పెట్టింది. పొద్దున్నే జడ వేసుకుంటూ అంది: "తొమ్మిదేళ్లు అడిగాను. సముద్రానికి కూడా సిఫారసు కావాలని తెలీలేదు నాకు."

"ఇప్పుడు వెళుతున్నాంగా."

"వాళ్లు వెళుతున్నారు. నేను తోడొస్తున్నాను."

తూర్పు తీరానికి రైలు లేదు. ఉన్నది ఒకటే కంపెనీ బస్సు, మాస్టారు కడిగే కంపెనీది. ఆయన టోపీ కళ్ల మీదికి లాక్కుని అందరికంటే వెనక సీట్లో కూర్చున్నారు. బయలుదేరే ముందు డ్రైవరు మనుషుల్ని లెక్కపెడుతూ వచ్చాడు. పెద్ద మీసాల మనిషి. వెనక సీటు దాకా వచ్చి ఆగాడు.

"నాలుగో నంబరూ, నువ్వా," అన్నాడు ఆ దేశపు భాషలో. "నా బస్సు కింద దూరడమే గానీ లోపల కూర్చోవడం ఇవాళే చూస్తున్నాను." భుజం తట్టి, బస్సు మొత్తానికీ వినబడేలా అందుకున్నాడు. "ఈ అద్దాలు చూశారా, ఎంత తేటగా ఉన్నాయో. ఈయన చేతి పని. ఇంత బాగా కడిగేవాడు మా డిపోలో ఇంకొకడు లేడు."

ముందు సీట్లలో ఐదారుగురు వెనక్కి తిరిగి చప్పట్లు కొట్టారు.

"ఏమంటున్నాడు? చప్పట్లెందుకు?" అన్నారు లెక్కల మాస్టారు.

"నేను… ఈ దారిలో చాలాసార్లు వచ్చిన ప్రయాణికుణ్ణని చెబుతున్నాడు."

మూసేసిన భోజనశాలల్ని పక్కన పెడితే, తొమ్మిదేళ్లలో ఆయన నోరు తెరిచి ఆడిన మొదటి అబద్ధం ఇదే. అంతకుముందువన్నీ ఖాళీలు పూరించుము తరహావి, పూరించింది అవతలివాళ్లు. ఈ దేశంలో పదిమందిలో ఆయనకు దక్కిన మొదటి చప్పట్లు కూడా అవే. వాటిని తర్జుమాలో ఆయనే పారేసుకున్నారు. పక్కన కూర్చున్న భార్యకు ఆ భాష బాగా వచ్చు. ఆవిడ బయటికి చూస్తూ కూర్చుంది. అద్దం నిజంగానే తేటగా ఉంది.

మూడు గంటల తరువాత బస్సు ఆగిన చోట నేల తెల్లగా మెరుస్తోంది. లెక్కల మాస్టారు మెట్టు దిగుతూనే వంగి వేళ్ల మధ్య రాసి చూశారు. పిండిలా ఉంది.

"ఇదేనా మాస్టారూ?"

"ఇదే," అన్నారు మాస్టారు. తొమ్మిది రోజుల్లో ఆయన నిండుగా ఊపిరి తీసుకోవడం అదే మొదలు. ఆ ఊపిరితోనే తుమ్ము కూడా వచ్చింది.

గాలి మళ్లింది. బస్సులు ఆపే ఆ స్థలం పక్కనే రేకుల షెడ్డు, అందులోంచి గడగడమని చప్పుడు, పైనుంచి తెల్లటి పొగ. సున్నపురాయిని పొడి చేసే మిల్లు అది. పొడి గాలికి లేచి బస్సుల మీద, మనుషుల మీద, చెత్తబుట్టల మీద సమానంగా పడుతోంది. సున్నపురాయి మీద నిమ్మరసం వేసినా పొంగుతుంది. పిల్లలకు ఏడో తరగతిలో ఆయనే చెప్పేవారు.

ఎదురుగా ఉన్న చిన్న మిట్ట ఎక్కితే సముద్రం. మిట్ట ఎక్కారు. అటు కొస నుంచి ఇటు కొస దాకా నల్లటి రాళ్లు. పిడికెడంతవి, నున్నటివి, తడిసి మెరుస్తున్నాయి. అల వెనక్కి వెళ్లినప్పుడల్లా అవన్నీ ఒకదాని మీద ఒకటి దొర్లి గలగలమంటున్నాయి. వాటి మధ్య ఇసుకరేణువు ఒక్కటి లేదు.

"మాస్టారూ," అన్నారు లెక్కల మాస్టారు, "తెల్లది ఎక్కడ?"

లెక్కల మాస్టారి భార్య ఏదో సాయం చేద్దామని, "అలలొచ్చి కప్పేసిందేమోనండీ," అంది. మాస్టారి భార్య అప్పటికే చెప్పులు చేత్తో పట్టుకుని, రాళ్లు గుచ్చుకుంటుంటే ముఖం చిట్లిస్తూనే, మోకాళ్ల కింది దాకా నీళ్లలో నిలబడి ఉంది.

"వదినా, నువ్వైనా చెప్పు, తెల్ల ఇసుక ఏ వైపుంది?"

"నాకేం తెలుసు వదినా. నేను రావడం ఇదే మొదలు."

"మరి అన్నయ్యగారు?"

"ఆయన కూడా ఇదే మొదలు."

"మరి ఆ సీసాల్లో మట్టి?"

"బస్సులు తెస్తాయి. ఆయన బస్సులు కడుగుతారు. ఆ మీసాలాయన చెప్పింది అదే. డిపోలో ఈయనంత బాగా కడిగేవాళ్లు ఇంకెవరూ లేరట."

ఆ మాట అన్నప్పుడు ఆవిడ గొంతులో ఎగతాళి లేదు. ఉంటే బాగుండునని మాస్టారికి అనిపించింది.

లెక్కల మాస్టారు ఒక రాయి మీద కూర్చుని, మనసులో పెద్ద కూడికేదో వేస్తున్నట్టు కనుబొమలు ముడిచారు. ఆడవాళ్లు ఇద్దరూ నీళ్లవెంట కాస్త దూరం నడిచారు.

"ఆ అమ్మాయి," అన్నారు భూగోళం మాస్టారు.

"ఏ అమ్మాయి?"

"నల్ల గులకరాళ్లని రాసింది చూడు. దానికి సున్నా వేశావు."

"ఒక్క మార్కు ప్రశ్నే కదయ్యా."

"ఆ ఒక్కటీ వేసెయ్యి. నేను తప్పు చెప్పానని ఉత్తరం రాసిస్తాను. సోమవారం చదువు. ఆ పిల్లని ముందుకు పిలిచి మరీ చదువు."

"చదివితే నువ్వు అక్కడుంటావా? మైకు ముందు నిలబడేది నేను. తొమ్మిదేళ్లుగా చదివిన నోరు నాది." లెక్కల మాస్టారు గొంతు తగ్గించారు. "నీ సీసాల పేరు చెప్పుకునే బడికి భూగోళం గది తెచ్చాను. సెలవులవగానే ప్రారంభం. బీరువాలో నడిమి అర తూర్పు తీరానికని ఖాళీగా పెట్టాను. నాలుగు ఊళ్లవాళ్లకి చెప్పాను."

"అది మిల్లు దుమ్ము."

"నిమ్మరసం వేస్తే పొంగుతుందా, లేదా?"

లెక్కల మాస్టారు లేచి, మిట్ట దిగి, రెండు బస్సుల మధ్య గొంతుక్కూర్చుని, ఇంటి నుంచి జాగ్రత్తగా తెచ్చుకున్న సీసాలోకి చెంచాతో తెల్లపొడి ఎత్తారు. లెక్క తెలిసిన మనిషి కనుక మూడు వంతులు నింపి, తట్టి, పైన సమంగా సర్ది, మూత బిగించారు. తిరుగు ప్రయాణంలో సీసానూ చీటీనీ స్నేహితుడి ఒళ్లో పెట్టారు.

"పేరు నువ్వే రాయి. నీ దస్తూరీ పిల్లలు గుర్తుపడతారు."

బస్సు కుదుపుల్లో కూడా అక్షరాలు వంకర పోలేదు. తూర్పు తీరం అని రాసి, అలవాటుకొద్దీ కింద సన్నగా గీత గీశారు. అప్పుడు కోటు జేబులోంచి నల్లరాయి ఒకటి తీశారు. నీళ్లంచున ఏరుకున్నది.

"ఇది ఆ అమ్మాయికివ్వు. ఏమీ చెప్పక్కర్లేదు. చేతిలో పెట్టు చాలు."

లెక్కల మాస్టారు రాయి వంకా స్నేహితుడి వంకా చూశారు. "సరే, ఇస్తాను," అన్నారు.

ఇంటికి వచ్చాక మాస్టారు ఆ రాయిని కడిగారు. తడిగుడ్డ చుట్టి పది నిమిషాలు నానబెట్టి, ఉప్పు పోయేదాకా కింది నుంచి పైకి నీళ్లు పట్టి, మెత్తటి బట్టతో తుడిచి, కాగితంలో చుట్టి అతిథి గదిలో పెట్టె పక్కన ఉంచారు. అంత శ్రద్ధగా ఏ బస్సునూ కడగలేదు.

"రాయిని కూడా వదల్లేదా," అంది భార్య గుమ్మంలోంచి.

"ఆ పిల్లకి అర్థమవుతుందంటావా?"

"అర్థమవడానికేముంది. దానికి ముందే తెలుసుగా."

మర్నాడు ఆదివారం. అతిథుల్ని విమానమెక్కించి వచ్చేసరికి పదకొండు దాటింది. తొమ్మిదేళ్లలో మొదటిసారి తొమ్మిదిన్నరకు కిటికీ గట్టు ఖాళీగా ఉండిపోయింది. మాస్టారు దాని ముందే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆయన కళ్లకు బడి వరండా కనబడుతోంది. రంగుసుద్దల అక్షరాల కింద ఒక పిల్ల నిలబడి ఉంది. అరచేతిలో నల్లరాయి. చీటీ లేదు, ఉత్తరం లేదు, మైకు లేదు. ఆ పిల్ల రాయిని ఒకసారి తిప్పి చూసి, తాను రాసిన జవాబు సరైనదేనని, దూరాన ఎవరో ఒక మాస్టారు ఒప్పుకున్నారని తెలుసుకుంటుంది. బడి మొత్తానికీ తెలియకపోయినా ఫరవాలేదు. పద్నాలుగేళ్ల పాఠాలకు, తొమ్మిదేళ్ల సీసాలకు ఆ ఒక్క పిల్ల చాలు. ఆ లెక్కన తాను ఇంకా మాస్టారే.

దుప్పట్లు తీయడానికి లోపలికి వెళ్లిన భార్య ఆయన్ని పిలిచింది.

నల్లరాయి అతిథి గది గుమ్మం దగ్గర ఉంది. తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టారు.